రాళ్లవాగుపల్లె మూడో పంపు

ఇరవై రెండేళ్లుగా చేతిపంపులు విప్పుతున్నాను.
ఏ బోరు ఎన్ని పైపులు మింగిందో
ఏ వాషరు ఏ ఎండాకాలం అరిగిందో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
అదంతా నా బుర్రలోనే ఉండేది,
పానాల పక్కన, గ్రీజు మరకల కింద.

దర్శిలో విత్తనాల కొట్టు మేడ మీద
ఒక ఆదివారం పొద్దున
రమీజా తన ఫోను నా ముందు పెట్టింది.
"మన మండలం చూడు మాలకొండయ్యన్నా."
చూశాను. పెద్ద రోడ్డు, పెట్రోలు బంకు,
ఒక సెల్ టవరు.
మిగతాదంతా సున్నం కొట్టిన గోడ.
"మరి మనమేడ?"
"మనం పెడితేనే ఉంటాం."

ఎవరిదీ పటమంటే, ఎవరిదీ కాదంది.
ఎవరిదీ కానిది పోరంబోకేగా అన్నాను.
"పోరంబోకే," నవ్వింది,
"కాకపోతే దీన్నెవడూ పట్టా చేయించుకోలేడు."

మొదటి వారం పద్నాలుగు మంది.
రెండో వారం ముగ్గురం. మిగతావాళ్లకు మిరప కోతలు.
మూడో వారం పెంచలయ్య ఆటో తెచ్చాడు,
ఆశా కార్యకర్త దీనమ్మ గొడుగు తెచ్చింది,
నేను నా బుర్ర తెచ్చాను.

ఫోనును ట్యూబు ముక్కతో హ్యాండిలుకు కట్టి
పెంచలయ్య డొంకలన్నీ తిరిగాడు.
ఆటో పోయినంత మేరా గీత పడింది.
టీ తాగిన చోటల్లా ముడి పడింది.
ఆ ముడులు విప్పడానికి రమీజాకు ఒక రాత్రి పట్టింది.

పేర్ల దగ్గర మొదటి జగడం.
కాగితాల్లో ఒక పేరు, కండక్టరు అరిచేదొకటి,
పక్కూరోళ్లు ఎకసెక్కంగా అనేది ఇంకొకటి.
తన పేటకు నేను కులం తగిలించి రాయబోతే
దీనమ్మ నా వేలు పట్టుకుంది.
"మేం పెట్టుకున్న పేరుంది. అది రాయి."
బేతెస్ద కాలనీ.
రెండుసార్లు పైకి చదివించుకుంది.

తరవాత పంపులు.
నీళ్లు సీసాలో పట్టి మందు వేసి
రంగు చూసి చెప్పేది దీనమ్మ.
తాగే నీళ్లకు నీలం చుక్క.
పళ్లు గారబట్టించి మోకాళ్లు బిగదీసే నీళ్లకు ఎరుపు.
నూట పదహారు పంపులు, మూడు నెలలు.

రాళ్లవాగుపల్లె మూడో పంపు ఎరుపు.
దాన్నానుకొని ఎవరో వెంచరు వేశారు,
హద్దురాళ్లు, ఆర్చీ, రెండు కొబ్బరి మొక్కలు.
ఒక తెల్లారి చూస్తే చుక్క నీలం!
రమీజా ఎరుపు చేసింది.
మర్నాడు మళ్లీ నీలం.
ఎవరైనా దిద్దొచ్చంటే
ఎవరైనా చెడపొచ్చు కూడానని
అప్పటిదాకా నా మట్టిబుర్రకు ఎక్కలా.
"తాళం వెయ్యలేమా?"
"వేస్తే మనక్కూడా పడుద్దన్నా."

ఇక వంతులు వేసుకున్నాం,
కాలవ నీళ్లకు వేసుకున్నట్టు.
సోమవారం పెంచలయ్య, మొదటి బేరం రాకముందు.
మంగళవారం దీనమ్మ, పొయ్యి మీద ఎసరు పెట్టి.
బుధవారం నేను,
పళ్లు తోముకుంటూ ఫోను తెరిచి
ఎర్రగా ఉందా, ఉంది అనుకొని
పుక్కిలించి ఉమ్మి పనికి పోవడం.
పదకొండో రోజుకు అవతలివాడికి విసుగొచ్చింది.
మాకు అలవాటైపోయింది.

నిన్న పెంచలయ్య అడిగాడు:
"అన్నా, మీ వీధి పంపు పటంలో లేదేంది?"

లేదు.
ఈ చేతుల్తో ఎన్నిసార్లు విప్పి బిగించానో.
దాని నీళ్లు మాత్రం సీసాలో పట్టలా.
కింద కూర్చుంటే లేవడానికి
గోడ తడుముకునేవాడికి
వేరే పరీక్షెందుకు?

దీనమ్మ ఏమీ అనలా.
సీసా కడిగి చేతికిచ్చింది.
రమీజా పంపు కొట్టింది.
పట్టాను.
మందు వేసి, రంగు తేలేదాకా
ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడితే
పెంచలయ్య ఆటో తిప్పుకొని
తూర్పు డొంకలో ఇంకా మూడున్నాయి
ఎండెక్కుతోంది రండని కేకేస్తున్నాడు.